పగటివేషం కట్టిన సీతాకోకచిలుక

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "అమ్మా, మీరు ముప్ఫై ఏళ్ళు బోటనీ లెక్చరర్‌గా చేశారు, బడి జ్ఞాపకాలు ఒక పదిహేను నిమిషాలు చెప్పండి" అన్నారు. జ్ఞాపకాలు నాకంటే రసవత్తరంగా చెప్పేవాళ్ళు ఈ హాల్లో నలభై మంది ఉన్నారు. పొద్దుటినుంచీ వింటూనే ఉన్నాం. గోడ దూకిన కథ ఒక్కటే ఇప్పటికి ముగ్గురు చెప్పారు, ముగ్గురి కథలోనూ గోడ ఎత్తు పెరుగుతూ పోయింది. అందుకని నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. మొన్న అక్టోబరులో ఒక ఆదివారం, ఈ బడి పిల్లలు ముగ్గురితో కలిసి ఒక సీతాకోకచిలుకను వెతుక్కుంటూ మాచర్ల నుంచి సాగర్ దాకా తిరిగాం. ఆ ఒక్క రోజు సంగతే చెబుతాను. చివర్లో సంఘానికి ఒక విన్నపం ఉంది. అది విన్నాక నన్ను మళ్ళీ పిలుస్తారో లేదో మీ ఇష్టం.

దాని పేరు డానైడ్ ఎగ్‌ఫ్లై. శాస్త్రనామం హైపోలిమ్నస్ మిసిప్పస్, 1764లో లిన్నేయస్ పెట్టిన పేరు. తెలుగులో దీనికంటూ ఒక పేరు నాకు ఎక్కడా దొరకలేదు. మనకు పిట్టల్లో పాలపిట్ట వేరు, జెముడుకాకి వేరు, గిజిగాడు వేరు. సీతాకోకచిలుకల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్నిటికీ కలిపి ఒక్కటే అందమైన పేరు పెట్టి చేతులు దులుపుకున్నాం.

ఇందులో మగది ఒకరకం, ఆడది ఇంకోరకం. పక్కపక్కన పెడితే ఒక జాతివని ఎవరూ నమ్మరు. మగది నల్లగా ఉంటుంది. ముందు రెక్కకు రెండు, వెనక రెక్కకు ఒకటి చొప్పున తెల్లటి మచ్చలు, ఆ మచ్చల చుట్టూ ఎండ పడితే మెరిసే ఊదారంగు అంచు. పట్టుచీర నీడలో ఒక రంగు, వెలుతురులో ఒక రంగు కనపడుతుందే, అలాగన్నమాట. ఆడది ఇటుకరంగులో ఉంటుంది, రెక్క కొసలు నలుపు, ఆ నలుపులో తెల్లని పట్టీ. వర్ణన వినగానే "ఇది మాకు తెలుసు, జిల్లేడు చెట్ల దగ్గర బోలెడు ఉంటాయి" అని మీలో సగం మంది అనుకుని ఉంటారు. మీరు అనుకోవాలనే అది ఆ వేషం కట్టింది.

జిల్లేడు దగ్గర తిరిగేది ప్లెయిన్ టైగర్ అనే వేరే సీతాకోకచిలుక. ఈజిప్టులో దాదాపు మూడున్నర వేల ఏళ్ళ నాటి సమాధి గోడల మీద కూడా దాని బొమ్మ ఉంది. దాని గొంగళిపురుగు జిల్లేడు ఆకు తిని పెరుగుతుంది. జిల్లేడు పాలలో గుండెను పట్టే విషం ఉందని మన ముసలమ్మలకు కూడా తెలుసు. ఆ విషం పురుగును ఏమీ చేయదు సరికదా, రెక్కలొచ్చాక కూడా ఒంట్లోనే ఉండిపోతుంది. కుర్రపిట్ట ఏదన్నా ఒకసారి నోట కరిస్తే కక్కుకుంటుంది, మళ్ళీ ఆ రంగు జోలికి పోదు. అందుకే ప్లెయిన్ టైగర్ ఊరి పెద్దలాగా నింపాదిగా ఎగురుతుంది, తొందరపడదు.

డానైడ్ ఎగ్‌ఫ్లై ఒంట్లో ఆ విషం లేదు. ఆడదానికి గుడ్లు పెట్టేందుకు నేలబారున, నెమ్మదిగా తిరగాల్సిన పని ఉంది, పిట్ట కంట పడితే అంతే. కాబట్టి ప్లెయిన్ టైగర్ వేషం కట్టింది. మన చిన్నప్పుడు పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళు గుర్తుందా? పోలీసు వేషంలో వచ్చి అంగడి ముందు నిలబడి గద్దిస్తే నిజం పోలీసే అనుకుని శెట్టిగారు త్రాసు సర్దుకునేవాడు. అదే పద్ధతి. బాపట్ల స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం కడితే ఆడవాళ్ళే తెల్లబోయేవారని మా నాన్న చెప్పేవాడు. అక్కడ మగవాడు ఆడవేషం కట్టాడు, ఇక్కడ ఆడది పక్కజాతి వేషం కట్టింది.

ఈ సంగతిని మొదట విడమరిచి చెప్పినవాడు హెన్రీ వాల్టర్ బేట్స్. ఇంగ్లండులో మేజోళ్ళ వ్యాపారి దగ్గర చిన్నప్పుడే పనికి కుదిరినవాడు, కాలేజీ చదువు లేదు. 1848లో అమెజాన్ అడవులకు పోయి 11 ఏళ్ళు అక్కడే ఉండి పురుగులూ సీతాకోకచిలుకలూ సేకరించాడు. 1862లో అచ్చయిన వ్యాసంలో ఈ అనుకరణ గురించి రాశాడు. అందులో నాకు నచ్చే కిటుకు ఒకటి ఉంది. వేషగాళ్ళు తక్కువగా ఉండాలి, అసలువాళ్ళు ఎక్కువగా ఉండాలి. ఊళ్ళో పదిమంది పోలీసు వేషాలు తిరిగితే నిజం పోలీసును కూడా ఎవరూ లెక్కచేయరు. పిట్టలూ అంతే. కాబట్టి ఈ జాతి ఆడది అరుదుగా ఉండటం దాని బతుకులోనే ఉన్న షరతు.

అలాగని ప్రపంచంలో అంతరించిపోతోందని కాదు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉంది, అట్లాంటిక్ అవతల కరీబియన్ దీవుల్లో కూడా ఉంది. అయినా మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చాలా ఏళ్ళపాటు దీని పేరు ఉంది. పులి పేరు ఉన్నదీ అదే షెడ్యూలులో. నల్లమల అంచున పుట్టినవాళ్ళం కాబట్టి పులి సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పులి పక్కన పేరున్న ఈ ఇంతటి ప్రాణి సంగతి మాత్రం పిల్లలకు చెబితే నోరు తెరిచారు. వాళ్ళే పట్టుపట్టారు, "చూపించండి మేడం" అని. మగవాటిని నేను చాలాసార్లు చూశాను. ఆడది గుడ్డు పెడుతుండగా చూడటం మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ పడలేదు. వాళ్ళకంటే నాకే ఆత్రం ఎక్కువ.

తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు, పదో తరగతి అబ్బాయి ఒకడు, వాళ్ళ తల్లిదండ్రుల సంతకాలు, హెడ్మాస్టరుగారి అనుమతి, నేను, మా బ్యాచ్ మిత్రుడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనవాడు, తన కారు తెచ్చాడు. "పురుగు కోసం డీజిలు పోయించుకునే మొదటి బ్యాచ్ మనదే" అని దారి పొడుగునా అంటూనే ఉన్నాడు.

ఆ వారం వానలు కురిసి తెరిపిచ్చాయి. సీతాకోకచిలుకలకు అదే అదను. రెంటచింతల ఎండకు మే నెలలో మనుషులే బయటికి రారు, ఇవేం వస్తాయి. పొద్దున ఏడున్నరకల్లా ఎత్తిపోతల మలుపు దగ్గర దిగి రోడ్డు వెంట నడక మొదలుపెట్టాం. పిల్లలకు ఒకటే పని చెప్పాను. ఇటుకరంగుది ఏది కనపడ్డా వెనక రెక్క చూడండి. ప్లెయిన్ టైగర్‌కు వెనక రెక్క నడుమ మూడో నాలుగో నల్లచుక్కలు ఉంటాయి. వేషగత్తెకు రెక్క ముందంచున ఒక్కటే చుక్క. ఆ చుక్క దగ్గరే దొరికిపోతుంది.

చెప్పడం తేలిక. ఎగిరేదాని వెనక రెక్క మీద చుక్కలు లెక్కపెట్టడమంటే నడిచే బస్సు నంబరు చదవడంలాంటిది. అది జిల్లేడు పువ్వు మీదో గడ్డిచామంతి మీదో వాలేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడాలి. పెద్దమ్మాయి నోటు పుస్తకంలో గీతలు గీసింది. పదకొండు గంటలకు 41 ప్లెయిన్ టైగర్లు. అన్నిటికీ నడుమ చుక్కలు ఉన్నాయి. అబ్బాయి నీరసపడ్డాడు. ఆ 41 కనపడటమే మనకు మంచి కబురని చెప్పాను. అసలువాళ్ళు ఇంతమంది ఉన్నచోటే వేషం చెల్లుబాటవుతుంది.

ఎత్తిపోతల దగ్గర చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి డెబ్భై అడుగుల పైనుంచి దూకుతుంటే ఆదివారం జనమంతా అటు ఫోన్లు తిప్పారు. మేము మాత్రం ఇటు తిరిగి నాపరాళ్ళను చూస్తూ నిలబడ్డాం. అక్కడ ఒక రాతి పలక మీద మగ డానైడ్ ఎగ్‌ఫ్లై రెక్కలు పరిచి కూర్చుంది. ఆ చోటు దానిది. తూనీగ వచ్చినా తరుముతుంది, ఇంకో సీతాకోకచిలుక వచ్చినా తరుముతుంది, మళ్ళీ వచ్చి అదే పలక మీద వాలుతుంది. మా మిత్రుడు చిన్న గులకరాయి దూరంగా విసిరితే దాన్నీ తరుముకుంటూ పోయి తిరిగొచ్చింది. "మన పల్నాటిదే, సందేహం లేదు" అన్నాడు. ఆ ఊదారంగు మెరుపు చూసి చిన్నమ్మాయి ఫోటో తీయడం మరిచిపోయింది. తర్వాత దానికి తెగ బాధపడింది. నాకైతే ఆ మరిచిపోవడమే బాగుంది.

విజయపురి సౌత్‌లో మధ్యాహ్నం భోజనం. చేపల పులుసు గురించి మా మిత్రుడు విడిగా ప్రసంగించగలడు, వచ్చే సంవత్సరం అవకాశం ఇవ్వండి.

తిరుగుదారిలో మూడు గంటలప్పుడు, మాచర్ల ఇంకా చాలా దూరం ఉండగా, బోరు కింద మిరపతోటలో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కలుపు తీస్తూ కనపడ్డారు. కారు ఆపమన్నాను. ఎందుకంటే, ఈ సీతాకోకచిలుక గొంగళిపురుగుకు అన్నిటికంటే ఇష్టమైన ఆకు గంగపాయల కూర. కొందరి ఇళ్ళలో గంగవావిలి అంటారు. మీరు పప్పులో వేసుకునేదే, మామిడికాయ ఉంటే ఇంకా రుచి. పులి సరసన పేరున్న ప్రాణి తినేది మన పప్పుకూర! దాన్ని అడవిలో కాదు, కలుపు మొక్కల్లో వెతకాలి.

గట్టు మీద వంగి చూస్తుంటే ఒకామె తల ఎత్తి, "ఏందమ్మా ఎతుకుతున్నారు? కూరకైతే ఇటు రాండి, ఇక్కడ లేతగుంది" అంది. సీతాకోకచిలుక గుడ్ల కోసమని చెప్తే వాళ్ళంతా ఒకటే నవ్వు. నవ్వు ఆగాక అదే ఆమె, "ముళ్ళ నల్ల పురుగా? ఎర్ర తల, కొమ్ములుంటయ్యి? మొన్న పీకిన కూర మీద ఉంది సూడండి" అని గట్టు చివర చూపించింది. నేను ముప్ఫై ఏళ్ళు బోటనీ చెప్పాను. ఆ పురుగు గుర్తులు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు ఆవిడ కలుపు తీస్తూ నేర్చుకుంది. నల్లటి ఒళ్ళు, కొమ్మలు వేసిన ముళ్ళు, ఎర్రటి తల మీద రెండు కొమ్ములు.

మూడు రోజుల కిందట పీకి పడేసిన పాయల అది. ఇంకా పచ్చగానే ఉంది. పాయల సంగతి బోటనీవాళ్ళకు ఒక వేడుక. నీళ్ళున్నప్పుడు ఒక పద్ధతిలో ఆహారం తయారుచేసుకుంటుంది, నీళ్ళు లేకపోతే రాత్రిపూట గాలి పీల్చుకుని దాచిపెట్టుకునే ఇంకో పద్ధతికి మారుతుంది. మొక్కల్లో ఈ రెండు విద్యలూ కలిసి వచ్చినవి చాలా తక్కువ. అందుకే వేళ్ళతో పీకి గట్టు మీద పారేసినా రోజులతరబడి చావదు, వాన పడితే మళ్ళీ వేళ్ళూనుతుంది. ఆ మొండితనం మీదే గొంగళిపురుగు బతుకుతోంది. పీకినా తిండి తిండే. వంగి చూస్తే ఆ కుప్ప మీద అయిదు పురుగులు లెక్కకు వచ్చాయి.

అప్పుడు వచ్చింది. ఇటుకరంగుది, నేలకు జానెడు ఎత్తున, తొందర లేకుండా. పాయల మీద వాలడం, లేవడం, పక్క మొక్క మీద వాలడం. పువ్వుల వైపు చూడటం లేదు, ఆకుల చుట్టూనే తిరుగుతోంది. పెద్దమ్మాయి నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. వెనక రెక్క ముందంచున ఒకటే చుక్క. ఒకటంటే ఒకటే. తోక వంచి ఆకు అడుగున ఆనించి లేచింది. అది పోయాక ఆకు తిప్పి చూస్తే లేతాకుపచ్చ గుడ్డు, గసగసాల గింజంత. కూలీలు కూడా కొడవళ్ళు పక్కన పెట్టి వచ్చి చూశారు. ఇంటికి తీసుకెళ్ళి పెంచుదామని అబ్బాయి అన్నాడు. వద్దన్నాను. ఇలాంటి ప్రాణిని పట్టుకుపోవడానికి చట్టం ఒప్పుకోదు, పైగా దానికి కావలసినవన్నీ ఈ గట్టు మీదే ఉన్నాయి. ఆ ఆకు ఉన్నచోటే వదిలాం.

ఇక్కడ కథ ఆపేస్తే మీకూ నాకూ హాయిగా ఉండేది. కానీ తోట కౌలుకు చేస్తున్న రైతు మోటారు కట్టేసి మా దగ్గరికి వచ్చాడు. మాటల్లో చెప్పాడు, వచ్చే పంటకు ఇంతమంది కూలీలను పెట్టలేనని, గడ్డిమందు కొట్టేస్తానని. కలుపుకు మనుషులు దొరకటం లేదు, దొరికినా కూలి గిట్టటం లేదు, కౌలు ముందే కట్టాలి, మిరప ధర ఎవరి చేతిలోనూ లేదు. ఆయన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ ఆ లెక్కే వేస్తానేమో.

అయినా ఏం జరుగుతుందో చెప్పాలి. విత్తనం మొలవకముందే కొట్టే పెండిమిథాలిన్ లాంటి మందులకు పాయల మొలకెత్తే దశలోనే పోతుంది. పచ్చగా ఉన్నదంతా చంపే గ్లైఫోసేట్ సంగతి మీకు తెలిసిందే. పంట పొలాల్లో రైతులు దాన్ని కొట్టకుండా, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వులు ఢిల్లీలో, గడ్డి పొలంలో. చేత్తో పీకే కలుపులో పాయల గట్టున పడుతుంది, కొంత ఒడిలో పడి ఇంటికి పోతుంది, మిగిలింది పురుగు తింటుంది. కూలీ ఇంటికీ పురుగుకూ ఒకే మొక్కలో వాటా. మందు కొడితే ఇద్దరి వాటా ఒక్కసారే పోతుంది. ఈ సీతాకోకచిలుకను పట్టుకుంటే చట్టం ఊరుకోదు. మన ఊళ్ళో దాన్ని పట్టుకోవాలని చూసినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. దాని తిండిని తీసేస్తే మాత్రం అడిగేవాడు లేడు.

ఆ కూలీల్లో పెద్దావిడను అడిగాను, పాయల ఇదివరకటంత దొరుకుతోందా అని. "ఎక్కడమ్మా, పత్తి చేలల్లో మందు కొట్టినకాడ్నించి లేదు. ఒకప్పుడు ఒడి నిండేది, ఇప్పుడు కొనుక్కుంటున్నాం, కట్ట పది రూపాయలు" అంది. నేను చదువుకున్న ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా రాయలేదు.

ఇక విన్నపం. స్వర్ణోత్సవ కానుకగా సంఘం తరఫున బడి ఆవరణంతా సిమెంటు టైల్స్ పరిపిస్తున్నామని ఆహ్వాన పత్రికలో చదివి సంతోషించాను. వానాకాలం బురదలో జారిపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఆ టైల్స్ విలువ తెలుసు, నా చందా ఇప్పటికే కట్టాను. ప్లాను తెప్పించుకుని చూస్తే గేటు నుంచి వెనక గోడ దాకా ఎక్కడా మట్టి మిగలలేదు. వెనక వైపు కొళాయి తొట్టి ఉంది కదా, పిల్లలు మధ్యాహ్న భోజనం పళ్ళేలు కడుక్కునేది, ఆ నీళ్ళు పారే కాలువ పక్కన గోడ వెంట పదడుగుల పట్టీ. ఆ తడికి అక్కడ పాయల నిండు వేసవిలో కూడా ఎండదు. నవంబరులో ఆ ముగ్గురు పిల్లలూ అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు. రెండు నల్ల పురుగులు దొరికాయి. నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకున్నారు. సైన్సు టీచరుగారు సంతకం కూడా పెట్టారు.

ఆ పదడుగులూ మట్టిగానే వదిలేయండి. గడ్డిమందు కొట్టించకండి, కలుపు పెరిగితే పిల్లలతో చేత్తో పీకించి అక్కడే గోడవార వేయించండి. మిగిలిన టైల్స్ ఏం చేయాలని కంట్రాక్టరు అడిగితే హెడ్మాస్టరుగారి గది ముందు మెట్లకు పనికొస్తాయి, అక్కడ రాయి ఎప్పుడో లేచిపోయింది. ప్లానులో ఆ మూల ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి తెచ్చాను. కార్యదర్శిగారూ, టీ ఇచ్చేటప్పుడు ఒకసారి చూడండి.